14వ శతాబ్దపు ఇటాలియన్ మాడ్రిగల్‌ను వినడం ఎలా: ఒకే పాటతో సమగ్ర మార్గదర్శి

మధ్యయుగపు ఇటాలియన్ మాడ్రిగల్, అంటే చిన్న పద్యానికి రెండు మూడు గొంతులకు కట్టిన పాట, మొదటిసారి విన్నవారు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: రెండు గొంతులు ఏవో దీర్ఘాలు తీస్తూ పోతున్నాయి, మాటలు వినబడటం లేదు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియలేదు. ఈ ఫిర్యాదు నిజమే కానీ, తప్పు పాటది కాదు. ఈ సంగీతం పద్యాన్ని అనుసరించి నడుస్తుంది. పద్యం ఎన్ని పాదాలు, ప్రాస ఎక్కడ, ఊనిక ఏ అక్షరం మీద అన్నది ముందు తెలిస్తే స్వరాల్లో అయోమయం చాలావరకు పోతుంది. అందుకే ఈ పద్ధతిలో రికార్డింగు నాలుగో మెట్టు దగ్గర గాని రాదు. సంగీతశాస్త్రం తెలియనక్కరలేదు. సరిగమలు గుర్తుపట్టగలిగితే చాలు.

మెట్టు 1: సరైన మాడ్రిగల్‌ను ఎంచుకోండి

మాడ్రిగల్ అని వెతికితే ముందుగా ఎదురయ్యేవి మోంతెవెర్ది, జెసువాల్దో వంటివారి పాటలు. అవి ఎక్కువగా ఐదు గొంతుల పాటలు, 16వ శతాబ్దానివి, 17వ శతాబ్దపు తొలి దశాబ్దాలవి. మనం వినబోయేది వాటికి తాతా కాదు, ముత్తాతా కాదు. ఉత్తర ఇటలీ దర్బారుల్లో, ముఖ్యంగా వెరోనా, పాదువా, మిలాన్‌లలో 1330ల నుంచి వికసించిన ఈ పాత మాడ్రిగల్ 15వ శతాబ్దం తొలి దశాబ్దాలకే వాడుక తప్పింది. సుమారు నూరేళ్ల తర్వాత, 1520లలో వచ్చిన సంగీతకర్తలు ఆ పేరును మళ్లీ తీసుకున్నారు, పాత కట్టుబాట్లను మాత్రం తీసుకోలేదు. కాబట్టి వెతికేటప్పుడు ప్రక్రియ పేరుతో కాకుండా సంగీతకర్త పేరుతో వెతకండి: యాకోపో దా బొలోన్యా, జొవాన్ని దా కాషా (ఫ్లోరెన్స్ జొవాన్ని అన్నా ఈయనే), మయెస్త్రో పియెరో.

ఈ ముగ్గురూ వెరోనా పాలకుడు రెండో మస్తీనో దెల్లా స్కాలా దర్బారుతో ముడిపడ్డవారు. ఆయన బహుమతుల ఆశ చూపితే జొవాన్ని, యాకోపో పోటీపడి పాటలు కట్టారని ఫ్లోరెన్స్ రచయిత ఫిలిప్పో విల్లాని రాశాడు. ఆ పోటీ ఆనవాళ్లు పాటల్లోనూ ఉన్నాయి. ముగ్గురి రచనల్లోనూ పెర్లారో అనే చెట్టు, దాని పక్కన పారే నీరు, అన్నా అనే స్త్రీ పదేపదే వస్తారు. ఒకే సమస్యను ముగ్గురు పూరించినట్టుంటుంది.

ఈ మార్గదర్శికి యాకోపో కట్టిన ‘నోన్ అల్ సువో అమాంతె’ను తీసుకుంటున్నాను. రెండే గొంతులు, ఎనిమిదే పాదాలు, మంచి రికార్డింగులు సులభంగా దొరుకుతాయి. పైగా కవి 14వ శతాబ్దపు ఇటాలియన్ మహాకవి పెట్రార్క్. తర్వాతి శతాబ్దాల మాడ్రిగల్ సంగీతకర్తలు పెట్రార్క్‌ను ఎంతగా వాడుకున్నారో లెక్కలేదు. ఆయన కాలంలోనే ఆయన కవితకు కట్టిన బాణీల్లో మాత్రం మనకు మిగిలింది ఇదొక్కటే.

మెట్టు 2: పాట కంటే ముందు పద్యం

ఇది పెట్రార్క్ ‘కాంజొనియెరె’లో 52వ కవిత. ఆ సంపుటిలోని 366 కవితల్లో మాడ్రిగల్‌లు నాలుగే. భావం ఇది:

తన్ను ప్రేమించినవాడు అనుకోకుండా చల్లని నీళ్ల నడుమ దిగంబరగా చూసినప్పుడు కూడా దియానా దేవత అతనికి అంత నచ్చి ఉండదు;

నాకు ఆ కొండ పశువుల కాపరి పిల్ల, ఆ కఠినురాలు అంతగా నచ్చింది. గాలికి తన బంగారు జుట్టు చెదరకుండా కట్టుకునే సన్నని మేలిముసుగును ఉతుక్కుంటూ ఉందామె;

ఇప్పుడు ఆకాశం మండిపోతున్నా, ఆ దృశ్యం నన్ను నిలువెల్లా ప్రేమ చలితో వణికించింది.

మొదటి మూడు పాదాలు ఒక ఖండం, తర్వాతి మూడు మరొక ఖండం, చివరి రెండూ ముగింపు. మొదటి ఖండంలో రోమన్ పురాణం, రెండో ఖండంలో పల్లెపిల్ల, చివర్లో కవి శరీరం. మూడు పాదాల ఖండాన్ని తెర్సెత్, చివరి ద్విపదను రితోర్నెల్లో అంటారు. రితోర్నెల్లో అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి అనుకోవద్దు. మాడ్రిగల్‌లో అది సాధారణంగా చివర ఒక్కసారే వస్తుంది. తెలుగు పాటల అలవాటుతో వినేవారు పల్లవి కోసం ఎదురుచూస్తే పాట అయిపోతుంది.

అంత్యప్రాసలు చూడండి. మొదటి ఖండంలో ఒకటో, మూడో పాదాలు కలుస్తాయి. రెండో పాదపు ప్రాస తర్వాతి ఖండంలోకి దూకి, అక్కడి ఒకటో, మూడో పాదాల్లో వస్తుంది. ఆ ఖండపు మధ్యపాదం చివరి ద్విపదతో కలుస్తుంది. అంటే ఒక్కో ఖండం తర్వాతి దానికి ఒక కొక్కెం తగిలించి పోతుంది. మాడ్రిగల్‌లన్నిటికీ ప్రాస ఇలాగే ఉండదు. కొన్నింటికి మూడు తెర్సెత్‌లు కూడా ఉంటాయి. అయితే తెర్సెత్‌లు ముందు, రితోర్నెల్లో వెనుక అన్న వరస దాదాపు అందరూ పాటించినదే.

ఇప్పుడు కాగితం మీద ఎనిమిది పాదాలూ రాసుకుని, ఖండాల మధ్య గీతలు గీయండి. వినేటప్పుడు ఈ కాగితం చేతిలో ఉండాలి.

మెట్టు 3: పైకి చదవండి, అక్షరాలు లెక్కపెట్టండి

మొదటి ఖండం తెలుగు లిపిలో సుమారుగా ఇలా ఉంటుంది:

నోన్ అల్ సువో అమాంతె ప్యూ దియానా ప్యాక్క్వె
క్వాందో పెర్ తాల్ వెంతూరా తూత్తా ఇన్యూదా
లా వీదె ఇన్ మెద్జో దె లె జేలిదె ఆక్క్వె

పాదానికి 11 అక్షరాలు. ఒక మాట అచ్చుతో ముగిసి తర్వాతి మాట అచ్చుతోనే మొదలైతే రెండూ కలిసి ఒక్క అక్షరంగా లెక్కకు వస్తాయి. మన సంధిలోలా ముందరి అచ్చు లోపించదు. రెండూ వినిపిస్తాయి, లెక్క మాత్రం ఒకటే. మొదటి పాదాన్ని విడదీస్తే: నోన్ – అల్ – సువోఆ – మాన్ – తె – ప్యూ – ది – యా – నా – ప్యాక్ – క్వె. ఊనిక పదో అక్షరం ‘ప్యాక్’ మీద పడుతుంది. ప్రతి పాదంలోనూ పదో అక్షరం కింద గీత గీయండి: రెండో పాదంలో ‘న్యూ’, మూడో పాదంలో ‘దెఆక్’. పాటలో అతి పెద్ద సంగతులు జరిగేది ఈ గీతల మీదే.

ఉచ్చారణ గురించి బెంగ అక్కరలేదు. ఇటాలియన్ త, ద దంత్యాలే. ఇంగ్లీషువారు తడబడే ద్విత్వాలు మనకు పుట్టుకతో వచ్చినవే. తెలుగును ‘ప్రాచ్య ఇటాలియన్’ అనే పాత పొగడ్త వల్ల ఎవరికైనా ఆచరణలో ఉపయోగం కలిగితే అది ఇక్కడే. ‘తూత్తా’లో త్తాను నిజంగా ఒత్తి పలకండి. వదిలేస్తే పాదం నడక కుంటుతుంది.

మెట్టు 4: మొదటిసారి వినేటప్పుడు ఆకృతి మాత్రమే

ఇప్పుడు రికార్డింగు పెట్టండి. అందాలేవీ పట్టించుకోకండి. రెండే పనులు చేయండి.

మొదటిది: మొదటి తెర్సెత్ ముగిసి రెండోది మొదలయ్యే చోటు పట్టుకోండి. అక్కడ సంగీతం మొదటికి వస్తుంది. కొత్త మాటలు, అదే బాణీ. రెండోది: రితోర్నెల్లో మొదలయ్యే చోటు పట్టుకోండి. అక్కడ బాణీ కొత్తది. మాడ్రిగల్‌లలో చాలాసార్లు ఇక్కడ కాలగణన కూడా మారుతుంది. రెండేసిగా నడుస్తున్నది మూడేసిగా, లేదా అందుకు విరుద్ధంగా. వేళ్లతో లెక్కపెడుతూ ఉంటే మార్పు వెంటనే తెలుస్తుంది.

ఈ రెండు చోట్లూ దొరికితే పాట మొత్తం చేతికి వచ్చినట్టే. దొరక్కపోతే ఇంకోసారి వినండి, ముందుకు పోకండి. ఇక్కడ తొందరపడినవారికి తర్వాతి మెట్లు ఏవీ పనికిరావు.

మెట్టు 5: కింది గొంతును వెంబడించండి

అందరి చెవీ సహజంగా పై గొంతు మీదికే పోతుంది. అలంకారాలన్నీ అక్కడే ఉంటాయి కదా. ఆ ఆకర్షణను ఒక్కసారి పక్కనపెట్టి కింది గొంతును, అంటే టెనోర్‌ను మాత్రమే వినండి. అది తక్కువ స్వరాలతో, నెమ్మదిగా నడుస్తుంది. పై గొంతు సాధారణంగా దానికి సుమారు ఐదు స్వరాల ఎత్తులో ఉంటుంది. రెండూ తరచూ దగ్గరికి వస్తాయి, ఒకదాన్నొకటి దాటడం మాత్రం అరుదు.

ఇక్కడ ఫ్రాన్స్‌తో తేడా గమనించదగ్గది. అదే కాలపు ఫ్రెంచ్ మోతెత్ అనే బహుగొంతుల పాటలో టెనోర్ సాధారణంగా చర్చి గానం నుంచి తెచ్చిన ముక్క. దానికి మాటలు ఉండవు, అది మోసే పునాది మాత్రమే. మాడ్రిగల్‌లో టెనోర్ సంగీతకర్త కొత్తగా కట్టినది. రాతప్రతుల్లో దాని కింద కూడా పద్యం మాటలు పూర్తిగా రాసి ఉంటాయి. ఇద్దరు మనుషులు ఒకే పద్యాన్ని దాదాపు ఒకేసారి చెబుతున్నారు, ఒకరు తిన్నగా, ఒకరు అలంకరించి. నా మటుకు ఈ ప్రక్రియ అందమంతా ఆ జంటలోనే ఉంది. టెనోర్‌ను నేపథ్యంగా వినేవారికి అది అందదు.

టెనోర్‌ను హమ్ చేయగలిగాక మళ్లీ మొత్తం వినండి. ఇప్పుడు పై గొంతు గాలిలో తేలుతున్నట్టు ఉండదు.

మెట్టు 6: సాగదీసిన అక్షరాలు

ఒకే అక్షరాన్ని పట్టుకుని అనేక స్వరాలు పాడటాన్ని మెలిస్మా అంటారు. మాడ్రిగల్‌లో మెలిస్మా ఎక్కడపడితే అక్కడ రాదు. చాలావరకు పాదం మొదటి అక్షరం మీద, ఊనిక ఉన్న చివరి అక్షరం మీద వస్తుంది. మధ్యలోని అక్షరాలు చకచకా, అక్షరానికి ఒకటో రెండో స్వరాలతో సాగిపోతాయి. మాటలు తెలిసేది ఆ మధ్య భాగంలోనే.

మీరు గీసిన గీతలు ఇప్పుడు పనికివస్తాయి. ‘ప్యాక్క్వె’లోని ‘ప్యా’ దగ్గర ఏమవుతుందో వినండి. ‘ఇన్యూదా’లోని ‘న్యూ’ దగ్గర, ‘ఆక్క్వె’లోని ‘ఆ’ దగ్గర కూడా. పాదం అర్థం పూర్తికావడానికి ఒక్క అక్షరం మిగిలి ఉండగా సంగీతకర్త దాన్ని ఆపి, స్వరాలన్నీ అక్కడ గుమ్మరిస్తాడు. ఆపైనే చివరి ‘క్వె’ పడుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించుకోవాలి. ‘నీళ్లు’ అనే మాట మీద స్వరాలు పారితే అది నీటి చిత్రణ అనుకోవడం సులభం. 16వ శతాబ్దపు మాడ్రిగల్‌లో అది నిజం కావచ్చు. ఇక్కడ రెండో తెర్సెత్ అదే బాణీకి పాడతారు, కాబట్టి నీళ్ల మీద వచ్చిన స్వరాలే జుట్టును కట్టిపెట్టే మాట మీదా వస్తాయి. ఈ సంగీతం పట్టించుకునేది పాదంలో ఆ మాట ఉన్న స్థానాన్ని. అర్థం దాని తర్వాతే.

మెట్టు 7: గొంతులు కలిసే చోట్లు

పాదం చివర రెండు గొంతులూ ఒకే స్వరం మీదో, స–పై స దూరంలోనో ఆగుతాయి. అక్కడికి వచ్చే ముందు రెండు స్వరాల మధ్య దూరం ఎలా మారుతోందో వినండి. స–గ అంత దూరంలో ఉన్నవి దగ్గరికి జరిగి ఒకటైపోతాయి, లేదా స–ద అంత దూరంలో ఉన్నవి విడిపోయి అష్టకానికి, అంటే స–పై స దూరానికి చేరతాయి.

ఆ కాలపు శ్రుతి పద్ధతిలో స–ప దూరాన్ని 3/2 నిష్పత్తిలో స్వచ్ఛంగా ఉంచి, మిగతావి దాని నుంచే లెక్కగట్టేవారు. అలా వచ్చే గాంధారం 81/64. తంబూరా తీగలోంచి దానంతట అదే పలికే గాంధారం 5/4, కాస్త కిందిది. అందుకే ఈ పద్ధతి పాటించే గాయకుల గాంధారం మన చెవికి కొంచెం ఎక్కినట్టు, కుదురుగా లేనట్టు వినిపిస్తుంది. అలా ఉండవలసిందే. ఆ ఒత్తిడి వల్లనే అది తర్వాతి స్వరంలో కలిసినప్పుడు విశ్రాంతి తెలుస్తుంది. పాదువాకు చెందిన మార్కెట్టో అనే సిద్ధాంతకర్త అయితే ముగింపుకు ముందరి స్వరాన్ని ఇంకా పైకి ఎక్కించి, గమ్యానికి బాగా దగ్గరగా పాడాలన్నాడు.

పాశ్చాత్య హార్మనీ పాఠాలు చదివినవారికి ఇంకొకటి చెవికి తగులుతుంది: రెండు గొంతులూ స–ప దూరంలో పక్కపక్కనే కదలడం. ఆ పాఠాల్లో అది నిషేధం. ఈ పాటల్లో ఆ నిషేధం పట్టింపు లేదు.

శ్రుతి పెట్టె వేసుకుని వినాలనిపిస్తే ఒక్క పాదం వరకు వేయండి, పాట పొడుగునా వద్దు. చాలా మాడ్రిగల్‌లలో మొదలైన స్వరం ఒకటి, తెర్సెత్ ఆగేది మరొకటి, రితోర్నెల్లో ఆగేది ఇంకొకటి. ఆధార షడ్జమం ఒకటే అని పట్టుబడితే పాట అబద్ధంలా వినిపిస్తుంది.

మెట్టు 8: రాతప్రతిలో ఒక పుట చూడండి

ఇది తప్పనిసరి కాదు, కానీ చూడటానికి ఆనందంగా ఉంటుంది. ఈ సంగీతానికి అతి ప్రసిద్ధమైన రాతప్రతి స్క్వార్చాలూపి కోడెక్స్. 15వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఫ్లోరెన్స్‌లో తయారైంది, ఇప్పుడు అక్కడి లౌరెంజియానా గ్రంథాలయంలో ఉంది. 350కి పైగా పాటలు, సంగీతకర్తల వారీగా, ఒక్కొక్కరి వాటా మొదట బంగారు పూతతో వారి బొమ్మ. యాకోపో కూడా ఉన్నాడు. ఆ కోడెక్స్ ఒకప్పటి యజమాని, ఫ్లోరెన్స్ ప్రధాన చర్చి ఆర్గాన్ వాద్యకారుడు ఆంతోనియో స్క్వార్చాలూపి. ఇంత అందంగా లేకపోయినా దీనికంటే పాతది రోస్సీ కోడెక్స్. అందులో ఒక భాగం వాటికన్‌లో, మరికొన్ని పుటలు ఓస్తీల్యా పట్టణంలో ఉన్నాయి.

ఇటాలియన్ రాతలో మూడు విషయాలు చూస్తే చాలు. స్వరాలు రాసే గీతలు ఐదు కాదు, ఆరు. స్వరాల మధ్య చిన్న చుక్కలు ఉంటాయి. బ్రెవిస్ అనే ప్రమాణ కాలం పూర్తయినప్పుడల్లా ఒక చుక్క. ఆ బ్రెవిస్‌ను ఎన్ని భాగాలు చేయాలో ఒక రోమన్ అక్షరం చెబుతుంది: క్యూ ఉంటే నాలుగు, ఓ ఉంటే ఎనిమిది, ఎన్ ఉంటే తొమ్మిది, డి ఉంటే పన్నెండు. ఐ, పి రెండూ ఆరే, కానీ ఐ అంటే రెండు మూడులు, పి అంటే మూడు రెళ్లు. తాళాల్లో గతిభేదం తెలిసినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. ఈ విభజనలను 1318 ప్రాంతంలో ‘పొమేరియుమ్’ అనే గ్రంథంలో వివరించింది పైన చెప్పిన మార్కెట్టోనే.

చుక్కల వల్ల వినికిడిలో ఒక ఫలితం ఉంది. ప్రతి ప్రమాణ కాలానికీ కంచె పడటంతో స్వరాలు ఆ కంచెను దాటి ముందుకు ఒరగడం కష్టం. యాకోపో పాటల్లో పై గొంతు ఎంత పరుగెత్తినా తూగు స్పష్టంగా ఉండటానికి ఇదొక కారణం. శతాబ్దం చివరికి ఫ్రెంచ్ పద్ధతులు వచ్చి చుక్కలు పోయాక సంగీతం నడక కూడా మారింది.

మెట్టు 9: రెండు రికార్డింగులు పక్కపక్కన

రెండు గొంతులకూ మాటలు రాసి ఉన్నాయి కాబట్టి ఇద్దరు గాయకులు పాడిన రికార్డింగుతో మొదలుపెట్టమని నా సలహా. పాత రికార్డింగుల్లో టెనోర్‌ను ఫిడేలుకో హార్ప్‌కో అప్పగించేవారు. వినసొంపుగానే ఉంటుంది, కానీ అయిదో మెట్టులో చెప్పిన జంట అక్కడ కనిపించదు. వాద్యం మీద వినాలనుకుంటే ఫాయెంజా కోడెక్స్‌లో ఇదే పాటకు కీబోర్డు రూపం ఉంది. 15వ శతాబ్దం తొలినాళ్ల ఆ ప్రతిలో టెనోర్ దాదాపు అలాగే నిలిచి, పై గొంతు ఇంకా సన్నని స్వరాలుగా పగిలింది. ఆనాటి వాద్యకారుడు ఏది కదపరానిది, ఏది తన ఇష్టం అనుకున్నాడో పోల్చి వినండి.

మెట్టు 10: ఇద్దరు కలిసి పాడి చూడండి

నినో పిర్రొత్తా, థామస్ మరోక్కో వంటి పండితులు ఈ పాటలను ఆధునిక స్వరలిపిలోకి మార్చి ప్రచురించారు. విశ్వవిద్యాలయ సంగీత గ్రంథాలయాల్లో దొరుకుతాయి. స్వరలిపి చదవగలిగినవారు ఒక్కరుంటే చాలు, రెండోవారికి టెనోర్‌ను సరిగమల్లో నేర్పవచ్చు. శ్రుతి మీ ఇష్టం, ఆనాటి స్వరలిపికి నిర్ణీత శ్రుతి లేదు.

మొదట ఇద్దరూ పద్యాన్ని కాలానికి తగ్గట్టు మాటలుగా చెప్పండి, స్వరం లేకుండా. తర్వాత టెనోర్ ఒక్కటే. పై గొంతు చేరేటప్పుడు మెలిస్మాలు వదిలేసి, ప్రతి ప్రమాణ కాలానికి మొదటి స్వరం మాత్రమే పాడించండి. ఎముకల గూడు నిలిచాక నిండు రూపం పాడండి. గమకాలు వద్దు. అలవాటుగా గాంధారాన్ని ఊపితే, ఏడో మెట్టులో చెప్పిన కలయిక చెదిరిపోతుంది.

గొంతు ఎలా ఉండాలో యాకోపోనే చెప్పాడు. ‘అడవి పిట్ట’ అని మొదలయ్యే తన మాడ్రిగల్‌లో, గట్టిగా అరిస్తే పాట మంచిదవదు, మెత్తని తీయని బాణీతోనే అవుతుంది, దానికి నేర్పు కావాలి అంటాడు. ఆ నేర్పు కొందరికే ఉన్నా అందరూ గురువులైపోయి బల్లాతాలు (పల్లవి ఉన్న పాటలు), మాడ్రిగల్‌లు, మోతెత్‌లు కట్టేస్తున్నారని, అందరూ ఫిలిప్పులూ మార్కెట్టోలేనని, దేశం నిండా గురువులే కనుక శిష్యులకు చోటు లేదని వెక్కిరిస్తాడు. ఫిలిప్ అంటే ఫ్రెంచ్ సంగీతకర్త ఫిలిప్ ద విత్రి. ఈ పద్యానికి యాకోపో రెండు బాణీలు కట్టాడు. ఒకటి మామూలు రెండు గొంతుల మాడ్రిగల్, రెండోది ఒక గొంతును మరొకటి తరుముతూ పాడే మూడు గొంతుల పాట. దీనికి మూడు తెర్సెత్‌లు, కాబట్టి బాణీ మూడుసార్లు తిరుగుతుంది. రెండో పాటగా ఇదే వినండి.

తర్వాత ఏ వరసలో

‘అడవి పిట్ట’ తర్వాత యాకోపోదే ‘ఫెనీచె ఫూ’ వినండి. ఫీనిక్స్ పక్షిగా బతికి గువ్వగా మారిన స్త్రీ తన మాటగా చెప్పే రెండు గొంతుల పాట. ఆపైన ‘ఓ ఇన్ ఇతాలియా’: మిలాన్ ప్రభువు లుకీనో విస్కోంతికి 1346లో కవలలు పుట్టిన సందర్భంలో కట్టినది. ప్రేమ, ప్రకృతి మాత్రమే కాక దర్బారు పొగడ్త కూడా ఈ ప్రక్రియ పని అని అక్కడ తెలుస్తుంది.

చివరగా ఫ్రాంచెస్కో లాండీని. చిన్నప్పుడే మశూచితో చూపు పోగొట్టుకున్న ఈ ఫ్లోరెన్స్ ఆర్గాన్ వాద్యకారుడు 1397లో మరణించాడు. ఆయనవి 150కి పైగా పాటలు మిగిలితే అందులో మాడ్రిగల్‌లు పన్నెండు మాత్రమే. తక్కినవి దాదాపు అన్నీ బల్లాతాలు, నాట్యగీతం నుంచి వచ్చిన, పల్లవి ఉన్న ప్రక్రియ. అభిరుచి ఎటు మళ్లిందో ఆ లెక్కే చెబుతుంది. ఆ పన్నెండింటిలో ‘మూసికా సోన్’ మూడు గొంతులది, మూడు గొంతులకూ మూడు వేర్వేరు పద్యాలు. సంగీతమే స్త్రీ రూపంలో వచ్చి, పరిణతి చెందిన మనసులు కూడా తన తీయని కళను వదిలి వీధిపాటల వెంట పడుతున్నాయని ఏడుస్తుంది. మూడు పద్యాలనూ పక్కపక్కన రాసుకుని, ఒక్కో సారి ఒక్కో గొంతును వెంబడిస్తూ వినండి. కింది గొంతుతోనే మొదలుపెట్టండి.